రుక్మాబాయి రోకలి

నేను ఒక రోకలిని. పండక్కి కాస్త పసుపు దంచి మళ్ళీ అటకెక్కే రకం రోకలిని కాదు. బందరులో తొక్కుడు లడ్డూ తొక్కిన రోకలిని. కొట్టడం నా వృత్తి. చాలాకాలం ఒకే పని చేస్తే ఆ పనే స్వభావమైపోతుంది, మీకైనా నాకైనా. అందుకని ముందే చెబుతున్నాను, నా దగ్గర దయాదాక్షిణ్యాలు వెతకవద్దు. అవి కావాలంటే జల్లెడను అడగండి. ఎవరేం పోసినా సగం వదిలేయడం దాని గుణం.

తొక్కుడు అనే మాట వింటే పై ఊళ్ళవాళ్ళు కొందరు ముఖం చిట్లిస్తారు. కాళ్ళతో తొక్కుతారని వాళ్ళ అనుమానం. తొక్కేది నేను. శనగపిండి కలిపి, నేతిలోకి పూసలా వత్తి, ఎర్రగా వేయించి, రోట్లో వేసి పొడి చేస్తారు. జల్లించిన పొడిలో బెల్లం పాకం పోసి, ఏలకులు చల్లి, మధ్యమధ్య కాచిన నెయ్యి వేస్తూ మళ్ళీ తొక్కుతారు. అసలు పని ఆ రెండోసారి తొక్కడంలోనే ఉంది. చెయ్యి బరువెక్కి, నడుము లాగేసి, ఇక చాలు దేవుడా అనిపించిన తరువాత కూడా తొక్కితేనే ఆ లడ్డూ నాలుక మీద పెట్టగానే వెన్నలా జారుతుంది. తినేవాడికి ఇదంతా తెలియదు. తెలియకపోవడమే తినేవాడి సుఖం.

నేను పుట్టింది గుడివాడలో. అంతకుముందు నేనొక బండికి ఇరుసును. చండ్ర కర్ర. ఆ బండి ఏదో కాలవ గట్టు మీద బోల్తా పడి ముక్కలైతే, మల్లేశ్వరాచారి అనే వడ్రంగి నన్ను ఏరుకుని తెచ్చుకున్నాడు. ఆ ఊళ్ళో హోటలు వంటమనిషిగా ఉన్న మోతీసింగు తన కూతురి కోసం ఒక మంచి రోకలి కావాలన్నాడు. ఆచారి నన్ను చెక్కి, నడుము దగ్గర పిడికిలికి సరిపడా సన్నం చేసి, అడుగున ఇనప పొన్ను బిగించాడు. బరువులు మోసే బతుకు నుంచి దెబ్బలు వేసే బతుకులోకి వచ్చాను. నాకు నచ్చింది.

మోతీసింగు కూతురి పేరు రుక్మాబాయి. వాళ్ళు బొండిలీలు. ఎప్పుడో పూర్వం ఉత్తరాది నుంచి సైన్యాలతో పాటు వచ్చి ఈ తీరాన స్థిరపడ్డ కుటుంబాలు. ఇంట్లో వచ్చీరాని హిందీ, బయట చక్కటి కృష్ణాజిల్లా తెలుగు. రుక్మాబాయిని బందరులో మిఠాయి కొట్టువాళ్ళ చిన్నకోడలిగా పంపుతూ తండ్రి ఆమె చేతికి నన్నిచ్చాడు. "ఆ ఇంట్లో రోకళ్ళు లేవని కాదమ్మా. నీ చేతికి అలవాటైంది నీ దగ్గరుండాలి" అన్నాడు.

ఆ ఇంట్లో పెద్దవాడు ప్రతాపసింగు. బజార్లో కొట్టు ఆయనది, గల్లా దగ్గర కుర్చీ ఆయనది, మాట ఆయనది. తమ్ముడు జగత్సింగు రుక్మాబాయి భర్త. బాణలి ముందు కూర్చుని రోజంతా పూస వేయించేవాడు. నేతి మంట వల్లనో ఏమో, అతని నోట్లో మాటలన్నీ ఎండిపోయి ఉండేవి. ప్రతాపసింగు భార్య యమునాబాయి మంచిదే. మంచితనం తప్ప ఇంకే అధికారమూ లేని మనిషి.

కొట్టు వెనక గదిలో రోలు. అక్కడ రుక్మాబాయి, నేను. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూలికి వచ్చి తొక్కేవాళ్ళు కానీ, రెండో తొక్కుడు మాత్రం రుక్మాబాయి ఎవరికీ ఇచ్చేది కాదు. ఆమె చేతిలో నా నడుము నునుపు తేలింది. నా వల్ల ఆమె అరచేతులు కాయలు కాశాయి. ముందు బొబ్బలు లేచాయి, పగిలాయి, ఎండి గట్టిపడ్డాయి. ఎండాకాలం వస్తే ఆ కాయలు బీటలిచ్చేవి. కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ నన్ను పట్టుకునేది. మంగలికి కత్తిగాటు ఎలాగో, బెస్తవాడికి వల తాడు గుర్తు ఎలాగో, తొక్కేదానికి ఆ కాయలు అలాగ. అవి నేను ఆమె చేతిలో పెట్టిన సంతకం అనుకుని గర్వపడేవాణ్ణి.

గల్లా దగ్గర కూర్చున్న ప్రతాపసింగు మీసం దువ్వుకుంటూ వచ్చేపోయేవాళ్ళతో, "మా తాతల నాటి చెయ్యండీ ఇది" అనేవాడు. ఏ చెయ్యో చెప్పేవాడు కాదు. ఆయన చేతికి నోట్ల మురికి తప్ప ఇంకేమీ అంటేది కాదు.

ఒక వేసవిలో రైసుమిల్లు వీరరాఘవయ్యగారింట్లో పెళ్ళి వచ్చింది. లడ్డూలన్నీ ఈ కొట్టు నుంచే. పెద్ద బేరం. ఆ సమయంలో ప్రతాపసింగు ఎక్కడి నుంచో కొత్త నెయ్యి డబ్బాలు దింపించాడు. మొదటి డబ్బా మూత తీయగానే రుక్మాబాయి చెయ్యి ఆగిపోయింది. కొంచెం వేలికి రాసుకుని వాసన చూసింది. కొట్టులోకి వెళ్ళి తల వంచుకుని మెల్లగా చెప్పింది.

"బావగారూ, ఈ నెయ్యి బాగాలేదండి. వనస్పతి కలిసింది, పైగా పాతబడింది. కనరు వాసన కొడుతోంది."

"నీ పని తొక్కటం" అన్నాడాయన, తల తిప్పకుండా. "వాసన చూట్టం కాదు."

ఆ మాట బాణలి దగ్గరున్న జగత్సింగు విన్నాడు. లడ్డూ పొట్లాలు కడుతున్న యమునాబాయి కూడా విన్నది. రుక్మాబాయి వెనక్కి వచ్చి నన్ను ఎత్తింది. ఆ రోజు ఆమె దెబ్బలో మనసు లేదు.

పెళ్ళిలో పిల్లలకు వాంతులయ్యాయి. మగపెళ్ళివారి తరఫు ముసలాయన ఒకాయన పెరట్లో కూలబడ్డాడు. ప్రాణానికేమీ కాలేదు కానీ పరువుకు అయింది. మర్నాడు ఎండెక్కేసరికి వీరరాఘవయ్యగారు నలుగురిని వెంటేసుకుని కొట్టు ముందుకొచ్చి నిలబడ్డారు. బజారు బజారంతా మెట్ల ముందు పోగైంది.

"ఏం సింగుగారూ, లడ్డూలిచ్చారా విషమిచ్చారా? వియ్యాలవారి ముందు తలెత్తుకోకుండా చేశారే."

ప్రతాపసింగు తడబడలేదు. మనుషుల్లో నాకు బాగా భయమేసేది ఆ రకమే. లోపలికి తిరిగి, "రుక్మా, ఒకసారి ఇట్రా అమ్మా" అని పిలిచాడు. ఎంత తియ్యగా పిలిచాడంటే, ఆమె నన్ను చేత్తో పట్టుకునే బయటకు వచ్చింది. ఆయన నన్ను తీసి గోడకు ఆనించి, ఆమె రెండు మణికట్లూ పట్టుకుని జనం ముందుకెత్తి అరచేతులు చూపించాడు.

"చూడండి. చేతులకి ఏదో జబ్బు పట్టుకుంది. ముట్టుకోవద్దంటే వినదు. దాస్తే దాగేదా ఇది? ఇంటి ఆడకూతురు, ఏం చెయ్యమంటారు నన్ను? మీరే చెప్పండి."

బీటలిచ్చిన ఆ చేతులను ఊరు చూసింది. ముందు వరసలో ఉన్న ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వీరరాఘవయ్యగారు ఛీ అని వెనక్కి అడుగేశారు. నా సంతకాన్ని జబ్బు అన్నాడు ఆ మనిషి. గోడకు ఆనుకుని చూస్తూ ఉండడం తప్ప నేనేం చేయగలను? కర్రకు కోపం రాదని మీరనుకుంటారు. నిప్పు ఎక్కడి నుంచి వస్తుందనుకుంటున్నారు మరి?

రుక్మాబాయి ఏడవలేదు. చేతులు విడిపించుకోలేదు. తల తిప్పి భర్త వైపు చూసింది. జగత్సింగు చిల్లుల గరిటె పట్టుకుని బాణలిలోకి చూస్తున్నాడు, అందులో ఎవరో మునిగిపోతున్నట్టు. ఆమె యమునాబాయి వైపు చూసింది. ఆవిడ కళ్ళొత్తుకుంటోంది. ఏడవడానికి వచ్చిన నోరు చెప్పడానికి రాలేదు.

అప్పుడామె చేతులు తనే లాక్కుని, నన్ను భుజానికెత్తుకుని, మెట్లు దిగి జనం మధ్యలోంచి నడిచింది. ముట్టుకుంటే అంటుకుంటుందేమోనని జనమే దారి వదిలారు. అలా ఖొజ్జిల్లిపేటలో ఒక వీధి గది అద్దెకు పట్టేదాకా నేను ఆమె భుజం దిగలేదు. కొన్నాళ్ళకు జగత్సింగు ఒక గుడ్డమూటతో గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆమె అతన్ని వెళ్ళగొట్టలేదు, రమ్మనలేదు. పొయ్యి చూపించి, "పూస వెయ్యండి" అంది. ఆ మాట మీదే ఆ కాపురం చాలా ఏళ్ళు నడిచింది.

మిఠాయి చేసేవాళ్ళు ఎప్పుడూ పని వెనక గదిలో చేస్తారు. రుక్మాబాయి రోలు తెచ్చి వీధి అరుగు మీద వేయించింది. స్నానం చేసిన తడి జుట్టుతో, మోచేతుల దాకా గాజులు వెనక్కి తోసి, అందరి కళ్ళ ముందూ తొక్కడం మొదలుపెట్టింది. లడ్డూలు చుట్టి పళ్ళెంలో పేర్చింది. జనం నిలబడి చూసేవాళ్ళు. వాసనకు గుటకలు వేసేవాళ్ళు. తరువాత ఆమె చేతులు చూసి ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయేవాళ్ళు. సాయంత్రానికి పళ్ళెం నిండుగానే ఉండేది. భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకోకుండా అవే తిని పడుకునేవాళ్ళు.

మొదటి బేరం నాంచారమ్మది. గిలకలదిండి నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పేటలన్నీ తిరిగే మనిషి. మధ్యాహ్నం ఎండలో అరుగు నీడన తట్ట దించుకుని కూర్చుంది. కొంతసేపు రుక్మాబాయి తొక్కుతుంటే చూసింది.

"నువ్వేనంటగా చేతులకి జబ్బున్నదానివి. ఏదీ చూపించు" అంది.

రుక్మాబాయి నన్ను రోట్లో నిలబెట్టి చేతులు చాపింది. నాంచారమ్మ తన చేతులు వాటి పక్కన పెట్టింది. ఉప్పునీళ్ళకు నాని, చేప ముళ్ళకు చీరుకుపోయి, గోళ్ళు అరిగిన చేతులు.

"ఇది జబ్బయితే మా పల్లె పల్లెకంతా జబ్బే. నాలుగు కట్టు. మావోడు రేపు వేటకెల్తన్నాడు."

ఆ లడ్డూలు పడవెక్కి సముద్రంలోకి వెళ్ళాయి. ఎన్నాళ్ళున్నా పాడుకాలేదు. ఉప్పుగాలికి కూడా మెత్తబడలేదు. వేటకు వెళ్ళేవాళ్ళంతా కట్టించుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళ దగ్గర చేపలు కొనే గుమస్తాలు తిన్నారు. గుమస్తాల భార్యలు ఎక్కడివని అడిగారు. మనుషుల అసహ్యం ఎంత గట్టిదో, నెయ్యి వాసన ముందు ఎంతసేపు నిలుస్తుందో నాకప్పుడు తెలిసింది. కొంగు ముక్కుకు పెట్టుకున్న ఆవిడే ఒకరోజు పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి, "కాస్త మెత్తటివి చూసి ఇవ్వమ్మా, పళ్ళు రాలేదు వీడికి" అంది.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. ఊరంతా ఆ లడ్డూ తిని, కళ్ళు మూసుకుని, "అమ్మ చేతి రుచి, ఎంత ప్రేమగా చేస్తుందో" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల నవ్వొచ్చేది. ఎందుకంటే ఆ చేతిలో ఏముందో నాకొక్కడికే తెలుసు. నన్ను ఎత్తేటప్పుడు ఆమె పిడికిలి బిగుసుకునేది. దించేటప్పుడు పళ్ళ మధ్య ఒక పేరు నలిగేది. ప్రతాపసింగు. మళ్ళీ ఎత్తేది. ప్రతాపసింగు. రోట్లో ఉన్నది శనగపిండి అనుకునేది లోకం. ఇక చాలు అని చెయ్యి అనే వేళకు ఆమెకు ఆ మెట్లు, ఆ జనం, ఎత్తి చూపించిన తన చేతులు గుర్తొచ్చేవి. ఇంకా తొక్కేది. వేరే తొక్కేవాళ్ళు ఆపేసిన చోట ఆమె మొదలుపెట్టేది. అందుకే ఆ లడ్డూ అంత మెత్తన. ఊరు లొట్టలేసుకుంటూ తిన్నది పగ. అది నాకూ బాగానే ఉండేది. ఆమెదీ నాదీ ఒకే కోపం కాబట్టి నేను బరువనిపించలేదు ఆమెకు.

అటు ప్రతాపసింగు కొట్టు ఏటికేడు పలచబడింది. కూలికి తొక్కే ఆడవాళ్ళు ఒక్కొక్కరే పేటకు వచ్చేశారు. రుక్మాబాయి వాళ్ళను పిలవలేదు, రానివ్వడం మానలేదు. ఆయన మోటారుతో తిరిగే యంత్రం తెప్పించాడు. దానికి మావిడాకుల తోరణం కట్టి కొబ్బరికాయ కొట్టారట. యంత్రానికి పొడి చెయ్యడం వచ్చు, ఎప్పుడు ఆగాలో రాదు, ఎందుకు ఆగకూడదో అసలే రాదు. లడ్డూ ఇసకలా పళ్ళకు తగిలేది. ఈ సంగతి ఎవరో అరుగు దగ్గర చెప్పారు. ఆ రోజు రుక్మాబాయి నన్ను తేలిగ్గా, ఆడుకున్నట్టు ఎత్తింది.

అయినా అది ఆమెకు చాలలేదు. ఆ మనిషి దివాళా తీస్తే తన చేతుల మీద వేసిన మచ్చ పోదు కదా. ఊరు ఆమె లడ్డూ తింటోంది కానీ, ఆ రోజు అన్నది అబద్ధమని ఎవరూ అనలేదు. "అప్పుడేదో జబ్బు చేసిందిలే, ఇప్పుడు నయమైంది" అనుకున్నారు. నయం కావడానికి అసలు ఏముందని? ఆ మాటే ఆమెను కాల్చేది.

అలా ఉండగా ఒక మాఘమాసంలో వీరరాఘవయ్యగారి భార్య అరుగు ముందు రిక్షా దిగింది. చిన్నమ్మాయి పెళ్ళి.

"పాతది మనసులో పెట్టుకోకమ్మా రుక్మాబాయీ. లడ్డూలు నువ్వే చెయ్యాలి. పిల్ల నీ లడ్డూలే కావాలంటోంది."

"చేస్తానమ్మగారూ. కానీ ఇక్కడ చెయ్యను."

"మరెక్కడ? మా ఇంటికొచ్చి చేస్తావా?"

"మా బావగారి కొట్టు ముందు. ఆ మెట్ల మీద. అక్కడయితేనే చేస్తా. ఆ కొట్టు బిల్డింగు మీదే కదండీ, మీరు చెబితే ఆయన కాదనరు."

ఆవిడ కొంచెంసేపు రుక్మాబాయి ముఖంలోకి చూసింది. ఆ రోజు వాంతులు చేసుకున్న పిల్లల్లో ఈ చిన్నమ్మాయి ఒకతి. ఏమనుకుందో, "సరే" అంది.

అనుకున్న రోజున రోలు ఎడ్లబండి మీద వెళ్ళింది. నేను మాత్రం రుక్మాబాయి భుజం మీద వెళ్ళాను. ఏ దారిన వచ్చామో ఆ దారినే. ప్రతాపసింగు గల్లా దగ్గరున్నాడు. మీసం తెల్లబడింది. మెట్ల మీద రోలు దించుతుంటే గల్లా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. జగత్సింగు పొయ్యి రాళ్ళు పేర్చుకుని, అన్నగారికి ఎదురుగా, ఆయనకు కనపడేట్టు బాణలి పెట్టాడు. నాంచారమ్మ తట్ట పక్కన పెట్టుకుని తమాషా చూడడానికి కూర్చుంది.

"ఇయ్యాల చేపలు ఎవురు కొనకపోయినా పర్లేదు" అంది.

రుక్మాబాయి నన్ను ఎత్తింది.

ఆ రోజు నేను వేసిన ప్రతి దెబ్బకూ కొట్టులోని గాజు సీసాలు గలగలమన్నాయి. రాతి మెట్లు దద్దరిల్లాయి. బజారులో కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, కోర్టుకు పోయే వకీళ్ళు, రిక్షావాళ్ళు ఆగిపోయారు. ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. చూసినవాళ్ళలో పాతవాళ్ళు కొత్తవాళ్ళకు ఆ పాత పెళ్ళి సంగతి, ఎత్తి చూపించిన చేతుల సంగతి చెప్పుకున్నారు. అందరి చూపూ ఆమె చేతుల మీదకు పోయి, అక్కణ్ణుంచి గల్లా దగ్గరకు పోయేది. ఆమె తల ఎత్తలేదు. చెమట చుక్క రోట్లో పడకుండా భుజంతో తుడుచుకుంటూ తొక్కింది. నా లోపల ఎక్కడో పీచు చిట్లడం నాకు తెలుస్తూనే ఉంది. అయినా అంత సంతోషం నేను పుట్టి ఎరగను.

మిట్టమధ్యాహ్నానికి ప్రతాపసింగు లేచి గుమ్మంలోకి వచ్చాడు. గొంతు తగ్గించి, "రుక్మా, ఇంక చాలు. లోపలికి రా. కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆమె నన్ను దించలేదు.

"ఇక్కడే మాట్లాడండి బావగారూ. ఆ రోజు కూడా ఇక్కడే కదా మాట్లాడారు."

ఆయన జనాన్ని చూశాడు. లోపలికి వెళ్ళిపోబోయాడు. అప్పుడు జగత్సింగు చిల్లుల గరిటె నేతిలోంచి తీసి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఆ మనిషి నిలబడితే అంత పొడుగని బజారుకు ఆ రోజే తెలిసింది.

"చెప్పు అన్నయ్యా" అన్నాడు. "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

గుమ్మం లోపల యమునాబాయి నిలబడి ఉంది. ఆవిడ కూడా, "చెప్పండి" అంది. మెల్లగానే. కానీ అందరికీ వినపడింది.

ప్రతాపసింగు గుమ్మం పట్టుకున్నాడు. "ఆ నెయ్యి నేనే కొన్నాను" అన్నాడు. "కల్తీదని తెలిసే కొన్నాను. బాగాలేదని ఈమె చెప్పింది కూడా. ఈమె చేతులకి ఏ జబ్బూ లేదు. అప్పుడూ లేదు." కొంచెం ఆగి, "నా కొట్టు పోతుందని అలా అన్నాను" అన్నాడు.

ఎక్కడో రిక్షా గంట మోగి ఆగిపోయింది. నాంచారమ్మ కాండ్రించి పక్కకు ఉమ్మేసింది. అందరూ రుక్మాబాయి వైపు చూశారు. ఆమె ఏడుస్తుందనో, తిడుతుందనో, కనీసం ఆయన ముఖంలోకి చూస్తుందనో అనుకున్నారు.

"తప్పుకోండి బావగారూ" అంది. "నీడ పడుతోంది. ఇంకా తొక్కాల్సింది ఉంది."

ఆయన తప్పుకున్నాడు. ఆమె నన్ను ఎత్తింది. ఎత్తడం ఎత్తింది కానీ, అప్పుడు జరిగింది అది. చెయ్యి పైకి లేచి అక్కడే ఆగింది, తరువాత ఏం చెయ్యాలో మర్చిపోయినట్టు. కిందికి వచ్చినప్పుడు అందులో బరువు లేదు. మళ్ళీ ఎత్తింది. పళ్ళ మధ్య పేరు లేదు. నేను పిండి మీద వచ్చి వాలాను, అంతే. కోపంతో నేను ఎదురుచూశాను. రుక్మాబాయీ, ఇంకా ఉంది కదా, ఇన్నేళ్ళది, ఒక్క మాటతో సరిపెట్టుకుంటావా అనుకున్నాను. చివరికి బలవంతాన ఒక దెబ్బ వేసింది. అది పిండి మీద కాక రోటి అంచు మీద పడింది. పొన్ను పైన నా ఒళ్ళు నిలువునా చీలింది.

మిగిలిన పిండి వేరే ఆడవాళ్ళు తొక్కారు. పెళ్ళివారు ఏ తేడా కనిపెట్టలేదు. నేను కనిపెట్టాను. పేటలో పాత బేరగాళ్ళు కూడా ఆ తరువాత నెలల్లో కనిపెట్టారు. "బాగానే ఉంది కానీ రుక్మాబాయిగారూ, ఏదో ఒకటి తగ్గిందండీ" అన్నాడు ఒక మేష్టారు. "ఏలకులు తగ్గాయేమో."

ఆమె నవ్వింది. నేను ఆమె దగ్గర ఉన్నన్నాళ్ళలో అంత ఖాళీగా నవ్వడం అదే మొదలు. "తగ్గిందండీ. తగ్గాల్సిందే తగ్గింది" అంది.

దానికి ఆమెకు బాధ లేదు. నాకుంది. ఊరు గొప్ప లడ్డూ ఒకదాన్ని పోగొట్టుకుంది, ఎందుకు పోయిందో కూడా దానికి తెలియదు. ఆమె రాత్రిళ్ళు ఒళ్ళెరక్కుండా నిద్రపోతోంది. మొగుడితో మాట్లాడుతోంది. పూస ఎర్రబడిందని, కూరలో ఉప్పెక్కువైందని, వాన వచ్చేట్టుందని. పనికిమాలిన మాటలు. అతను వాటన్నిటికీ బదులు చెబుతున్నాడు, ఇన్నేళ్ళ బాకీ తీరుస్తున్నట్టు. రెండో తొక్కుడు వేరేవాళ్ళకు అప్పగించి ఆమె ఇప్పుడు చుట్టడానికే కూర్చుంటోంది. యమునాబాయి కూడా వచ్చి పక్కన కూర్చుని చుడుతోంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మొదలుపెట్టి, ఆనక వంటల కబుర్లలో పడ్డారు.

చీలిన రోకలి ఎందుకూ పనికిరాదు. పొయ్యిలో పెడదామని ఎవరో అన్నారు. రుక్మాబాయి ఒప్పుకోలేదు. పెరట్లో బీరపాదు పందిరికి ఒక గుంజ తక్కువైతే నన్ను తీసుకెళ్ళి తలకిందులుగా పాతింది. పొన్ను పైకి. ఎన్నో లడ్డూల మదమణచిన నేను ఇప్పుడు బీరతీగ మోస్తున్నాను. దాని నులితీగలు నా చీలికలోకి దూరి పట్టుకున్నాయి. అందులో ఒక చీమల కుటుంబం కాపురముంది. వానకు తడుస్తాను, ఎండకు ఎండుతాను. ఇరుసుగా ఉన్నప్పటి బతుకే మళ్ళీ వచ్చింది. మోయడమే.

ఒకరోజు సాయంత్రం ప్రతాపసింగు పెరట్లోకి వచ్చాడు. కొట్టు మూసేశాడని, యంత్రాన్ని ఎవరికో తూకానికి ఇచ్చేశాడని అప్పటికే విన్నాను. ఎండ తగ్గాక లడ్డూలు చుట్టడానికి వచ్చే భార్యను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాడట. చేతిలో గుడ్డసంచి ఉంది. నడిచి వచ్చిన ఆయాసానికి ఆనుకోవడానికి ఏదో ఒకటి కావాల్సి వచ్చింది. చెయ్యి చాపి నన్ను పట్టుకుని, మొత్తం బరువంతా నా మీద వేశాడు.

నా మొదలు మట్టిలో సగం చివికి ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. పక్కనే పొన్ను అంచు, కింద బావి చప్టా రాయి. కొంచెం విరిగితే చాలు. నేను విరగలేదు. క్షమించానని మీరనుకోవద్దు. విరగడం నా చేతిలో ఉంటే ఆ క్షణమే విరిగేవాణ్ణి. ఎత్తడానికి ఒక చెయ్యి లేకపోతే రోకలి ఏం చేయగలదు? ఆ చెయ్యి అటువైపు బీరకాయలు కోస్తోంది.

ఆయన వేళ్ళకు ఇనుము తగిలింది. తడిమి చూసి చెయ్యి తీసేశాడు.

"రుక్మా, ఇది అదేనా?"

"అదే బావగారూ."

"మధ్యాహ్నం పడుకుంటే చాలు, దీని చప్పుడు వినపడుతుంది" అన్నాడు. "గుండెల మీద పడ్డట్టే ఉంటుంది. మీ అక్క నిద్ర లేపి మంచినీళ్ళిస్తుంది. ఇప్పటికీ. నీకూ వినపడుతుందా?"

నా చీలికలన్నీ బిగుసుకున్నాయి. నేను ఇంకా కొడుతున్నానన్న మాట. పెరట్లో బీరపాదు మోస్తున్నానని అనుకున్నాను కానీ, ఆ మనిషి గుండెల మీద రోజూ మధ్యాహ్నం పడుతూనే ఉన్నాను. ఆమె ఆ మాట విని ఏమంటుందో అని చూశాను. ఒక్క మాట చాలు. బాగా అయింది అంటే చాలు. ఆ మాట కోసం ఇంకో పదేళ్ళు తీగ మోస్తాను.

రుక్మాబాయి ఆకుల మధ్య వెతుకుతూ లేతది ఒకటి తుంచింది.

"లేదు బావగారూ. నాకెప్పుడో ఆగిపోయింది" అంది. "మీకూ ఆగుతుందిలే."

ఆ తరువాత నాలుగు బీరకాయలు ఆయన సంచిలో వేసింది. ముదురువి తీసి పక్కన పెట్టి, మంచివే చూసి వేసింది. నాకు అది ఇప్పటికీ నచ్చలేదు.